తెల్ల తోబులూ, పార్కింగు గీతలూ

ఆ ఏడాది వేసవి సెలవుల్లో యూనివర్సిటీ వాళ్లు మా కంపెనీకి ఇచ్చిన పని వినడానికి చాలా చిన్నది. క్లాసుల భవనం ముందు విద్యార్థులు కార్లు పెట్టుకునే స్థలానికి కొత్తగా తారు పోయాలి, పసుపు రంగు గీతలు గీయాలి. మా మేనేజరు ఆ పని నాకప్పగించాడు. నాకు అప్పటికి ముప్పై ఏళ్లు. తెనాలి దగ్గర పుట్టి, సివిల్ ఇంజనీరింగు చదివి, వంతెనలు కడదామని సౌదీ వచ్చినవాణ్ణి. ఖోబర్‌లో అల్ అజీజియాలో మా రూమ్‌లో నాతో ఉండే ముగ్గురూ ఈ సంగతి విని పొట్ట చేత్తో పట్టుకుని నవ్వారు. నాకు ఒళ్లు మండింది. గీతలే అయితే గీతలే, ఈ దేశంలో ఇంత బాగా ఎవడూ గీయించి ఉండకూడదు అని పంతం పట్టాను.

యూనివర్సిటీ వాళ్ల బాధ నిజమైనదే. అక్కడ ప్రతి కుర్రాడికీ కారుంటుంది. సరదాకి కాదు. అప్పట్లో ఆడవాళ్లు బండి నడపడానికి లేదు కాబట్టి, పొద్దున్నే చెల్లెళ్లని బడిలో, అక్కని కాలేజీలో దింపాకే వాడు తన క్లాసుకి రావాలి. అందరూ ఎనిమిదికి ఐదు నిమిషాల ముందు ఒక్కసారే ఊడిపడతారు. పేవ్‌మెంట్ల మీద, ఫైరింజన్‌కి నీళ్లు పట్టుకునే కుళాయి ముందు, గేటుకి అడ్డంగా, ఎక్కడ సందు దొరికితే అక్కడ బండి ఆపేసి పరుగెత్తేవాళ్లు. ఒకడి వెనకాల ఇంకొకడు పెట్టేసి, కాగితం మీద తన మొబైల్ నంబరు రాసి అద్దం వెనక ఉంచడం అక్కడి మర్యాద. లోపలివాడు బయటికి రావాలంటే ఆ నంబరుకి ఫోను చేసి పిలవాలి. ఆ ఫోనేమో క్లాసులో నోరు మూసుకుని ఉంటుంది.

నేను రెండు వారాలు కూర్చుని డ్రాయింగు తయారుచేశాను. ఒక్కో కారుకి రెండు మీటర్ల నలభై సెంటీమీటర్ల వెడల్పు ఇచ్చాను. పుస్తకం ప్రకారం అంత చాలు. పాత గీతలకన్నా అది ఇరుకే గానీ, అదే స్థలంలో ఇంకో నలభై కార్లు ఎక్కువ పట్టాయి. మేనేజరు భుజం తట్టాడు. ఆ కాగితాన్ని రూమ్‌కి తెచ్చుకుని మరీ చూసుకున్నాను, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ నిజం.

గీతలు గీసేది మా పెయింటరు. జగిత్యాల వైపు మనిషి, నలభై దాటాయి. అందరం మేస్త్రీ అనేవాళ్లం. ఆ క్యాంపస్‌లోనే రెండేళ్లుగా పేవ్‌మెంటు అంచులకి రంగులేస్తున్నాడు కాబట్టి అక్కడ ఏ చెట్టు ఎక్కడుందో కూడా ఆయనకి తెలుసు. ఇంటికి వెళ్లి మూడేళ్లయింది. ఆయన భార్యకి పిత్తాశయంలో రాళ్లున్నాయనీ, తీసేయాలనీ కరీంనగర్‌లో డాక్టరు చెప్పి నాలుగు నెలలైంది. ఆమె ఒప్పుకోవడం లేదు. నువ్వు వచ్చాకే చేయించుకుంటానంటుంది. కంపెనీ దగ్గర పాస్‌పోర్టు ఉంది, వెళ్లి రావడానికి ఎగ్జిట్ రీ-ఎంట్రీ ముద్ర పడాలి. ఈ పార్కింగు పని పూర్తయి, యూనివర్సిటీ వాళ్లు సంతకం పెట్టిన రోజే ఆయన కాగితం కదులుతుందని మేనేజరు మాటిచ్చాడు. అంచేత ఆ గీతలు నాకంటే ఆయనకే ఎక్కువ అవసరం.

జూలైలో పని మొదలుపెట్టాం. మేస్త్రీ సుద్దలో ముంచిన దారాన్ని ఒక కొస తను పట్టుకుని, ఇంకో కొస హెల్పరుకిచ్చి, లాగి కొట్టేవాడు. నల్లటి తారు మీద తెల్లగా తిన్నగా గీత పడేది. దాని మీద రంగు. మొదటి పది గీతలు పడ్డాక ఆయన లేచి నా దగ్గరికొచ్చాడు.

"సారు, గిది జెర ఇరుకైతది. గీ పోరగాండ్లు దిగలేరు."

"కారు పోను ఇంకా అరవై సెంటీమీటర్లు మిగులుతుంది కదా మేస్త్రీ. ఎందుకు దిగలేరు?"

"మీరు, నేనైతె దిగుతం సారు. ఆళ్లు దిగరు. ఆళ్ల బట్టలు..."

"డ్రాయింగులో ఎలా ఉంటే అలా కొట్టు. మనం కారు కొలతలు చూడాలి గానీ బట్టల కొలతలు కాదు."

"మంచిది సారు" అని వెళ్లిపోయాడు.

అప్పుడు నాకు డ్రాయింగంటే వేదవాక్కు. రంగు డబ్బా పట్టుకున్నవాడి మాట చెవికెక్కలేదు. ఆయన తర్వాత మళ్లీ ఆ ఊసెత్తలేదు. గీతలు మాత్రం స్కేలు పెట్టి కొట్టినట్టు గీశాడు, ఒక్కటీ వేలెడు కూడా పక్కకి పోలేదు.

సెప్టెంబరులో క్లాసులు తెరిచారు. అక్కడ వారం శనివారంతో మొదలవుతుంది. మొదటి శనివారం పొద్దున ఏడున్నరకే వెళ్లి నిలబడ్డాను, నా ఘనకార్యం కళ్లారా చూసుకుందామని. ఎనిమిదయ్యేసరికి తల కొట్టేసినట్టయింది. ఒక్కడూ గీతల మధ్యన పెట్టలేదు. ప్రతివాడూ గీత మీదకి ఎక్కించి, ఒకటిన్నర కార్ల స్థలం తీసుకున్నాడు. దాంతో వరసలు తొందరగా నిండిపోయాయి. మిగిలినవాళ్లు వెనకాల, పక్కన, పేవ్‌మెంట్ల మీద, ఎప్పటిలాగే. నిజానికి ఎప్పటికన్నా అధ్వాన్నంగా.

మర్నాడు యూనివర్సిటీ సెక్యూరిటీ అధికారి మమ్మల్ని పిలిపించాడు. అందరూ ముదీర్, అంటే పెద్దాఫీసరు, అని పిలిచే ఆయన నడివయసు మనిషి, పెద్దగా మాట్లాడడు. ఈ పని తీసుకోను, సంతకం పెట్టను అన్నాడు. మా మేనేజరు ఒక్క క్షణం తడుముకోకుండా, "పెయింటరు గీతలు వంకరగా గీశాడు, వాడిచేతే మళ్లీ గీయిస్తాం. అప్పటిదాకా వాడి సెలవు ఆపేస్తున్నాను" అన్నాడు. గీతలు వంకర లేవని నాకు తెలుసు. ఆ గదిలో ఆ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ మాట చెప్పకుండా, "చూస్తాను సార్" అని నీళ్లు నమిలి బయటికొచ్చాను. ఆ తర్వాత చాలా తప్పులు చేశాను, కానీ గుర్తొస్తే ఇప్పటికీ ముఖం దాచుకోవాలనిపించేది అదే.

నాకు నేనే సమాధానం చెప్పుకున్నాను. డ్రాయింగు తప్పు కాదు, కుర్రాళ్లకి పొగరు. వాళ్లని దారిలో పెడితే సంతకం పడుతుంది, మేస్త్రీ ఇంటికి వెళ్తాడు, నా డ్రాయింగూ నిలబడుతుంది. ఇక ఆ వారమంతా పొద్దున్నే ఏడింటికల్లా ఎండలో నిలబడి కాపలా కాశాను. గీత దాటిన బండి అద్దం మీద హెచ్చరిక కాగితం అంటించాను. ప్లాస్టిక్ కోన్లు పెట్టాను. చేతులూపుతూ అరిచాను. కోన్లు తీసి పక్కన పెట్టి, నాకు సలాం చెప్పి మరీ గీత మీద ఆపేవాళ్లు. ఎవరూ కోపంగా మాట్లాడలేదు. అది నాకు ఇంకా మంట.

బుధవారం నాడు ఒక కుర్రాణ్ణి పట్టుకున్నాను. పెద్ద అమెరికన్ బండి, సగం ఈ గడిలో, సగం ఆ గడిలో. అప్పుడే ఇస్త్రీ పెట్టె కింద నుంచి తీసినట్టున్న తెల్లటి తోబు వేసుకున్నాడు, అక్కడి మగవాళ్లు వేసుకునే పొడుగు అంగీ, పాదాల దాకా. దిగబోతున్నవాణ్ణి ఆపి, గీతల మధ్యకి తీసి పెట్టమన్నాను.

"యా ముహందిస్, నువ్వే పెట్టి చూపించు" అని తాళంచెవి నా చేతిలో పెట్టాడు. ముహందిస్ అంటే ఇంజనీరు. నేనా వెనక్కి తగ్గేది. ఎక్కి, జాగ్రత్తగా ముందుకీ వెనక్కీ తీసి, రెండు గీతలకీ సరిగ్గా నడిమధ్యలో పెట్టాను. తలుపు తీశాను. జానెడు తెరుచుకుని పక్క కారుకి తగిలింది. పొట్ట లోపలికి లాక్కుని, ఒక కాలు బయట పెట్టి, ఒళ్లు వంచి, పక్క కారుకి రాసుకుంటూ బయటపడ్డాను. సముద్రం పక్క ఊరు అది, తెల్లారేసరికి కార్ల మీద మంచు పడుతుంది, దాని మీద ఇసుక దుమ్ము. రెండూ కలిసి బురదే. నా నీలం చొక్కాకి భుజం నుంచి నడుం దాకా అడ్డంగా మట్టి పట్టీ పడింది.

ఆ కుర్రాడు నవ్వలేదు. "నీది నీలం చొక్కా కాబట్టి సరిపోయింది. ఇది పొద్దున్న మా అమ్మ ఇస్త్రీ చేసి ఇచ్చింది. ఇదేసుకుని సాయంత్రం దాకా జనంలో తిరగాలి" అన్నాడు. తాళంచెవి తీసుకుని క్లాసుకి పరుగెత్తాడు.

నేను అక్కడే నిలబడి వరస అంతా చూశాను. ప్రతి బండీ డ్రైవరు దిగే వైపు ఖాళీ వదిలింది. ఒక్క బండీ ఇంకో వైపు వదల్లేదు. శనివారం నుంచీ నా కళ్ల ముందున్నదే. నేను దాన్ని పొగరు అనుకున్నాను. పాంటు, చొక్కా వేసుకునేవాడిని కాబట్టి పాంటు, చొక్కా వేసుకునేవాళ్లకి సరిపోయే పార్కింగు గీశాను. తోబు వేసుకునేవాళ్లు ఉన్న ఊళ్లో.

మేస్త్రీ భవనం పక్కన కింద కూర్చుని పేవ్‌మెంటు అంచుకి నలుపు వేస్తున్నాడు. నా చొక్కా చూసి బ్రష్ పక్కన పెట్టాడు. వెళ్లి ఆయన పక్కనే కూర్చున్నాను.

"జూలైలో నువ్వు చెప్పబోయింది ఇదే కదా?"

"గిదే సారు. రెండేండ్లసంది చూస్తున్న. ఆ బట్ట నేలకు తాకనియ్యరు, బండికి తాకనియ్యరు."

"మరి నాకు గట్టిగా చెప్పాల్సింది కదా మేస్త్రీ."

"చెప్పిన సారు. డ్రాయింగుల ఉన్నట్టు కొట్టుమంటిరి."

ఇంట్లో ఎలా ఉందని అడిగాను. మొన్న మళ్లీ నొప్పి లేచిందట, రెండు రోజులు అన్నం ముట్టలేదట. బావమరిది ఉన్నాడు కదా, వాణ్ణి పక్కన పెట్టుకుని చేయించుకోమనవచ్చుగా అన్నాను. అలాంటి సలహాలివ్వడం ఎంత తేలికో.

"చెప్పిన సారు. ఇనది. మత్తు సూది ఇచ్చేటప్పుడు నేను కండ్లకు కనవడాలంటది. పెద్దోడు పుట్టినప్పుడు కడుపు కోసిండ్రు, అప్పుడు నేను దుబాయిల ఉంటి. బతుకుతనో సస్తనో అని ఒక్కతే పోయిందట లోపలికి. మల్ల గట్ల పోనంటది."

నా డ్రాయింగు నిలబెట్టుకోవడానికి ఒక వారం ఎండలో అరిచాను. ఆ వారమంతా ఆమె నొప్పితో ఉంది. లేచి ఆయన్ని కూడా లేపాను. మా కంపెనీ పికప్‌ని అక్కడికి తెప్పించి, తలుపు మనిషి దిగేంత తెరిచి, టేపు పెట్టి కొలిచాం. రెండు మీటర్ల డెబ్బై ఉండాలి. ఆ లెక్కన నేను గొప్పగా ఇరికించిన నలభై కార్లూ పోతాయి, ఇంకా కొన్ని కూడా పోతాయి. అవి ఎక్కడ పెట్టించాలి అని నేను బుర్ర గోక్కుంటుంటే, మేస్త్రీ భవనం వెనక్కి తీసుకెళ్లాడు. అక్కడ ఇంకో పెద్ద స్థలం, పాత గీతలు, ఒక్క బండి లేదు.

"గిది ఎప్పుడు ఖాళీగనే ఉంటది సారు. పొద్దుగాల బిల్డింగు నీడ గూడ గిటే పడ్తది. గా వైరు కంచె అడ్డమున్నదని ఎవ్వరు రారు, సుట్టు తిరిగి పోవాలె గద. గీడ ఒక తలుపు వెడితె రెండు నిమిషాల నడక."

నేను ఆ కంచెని డ్రాయింగులో సన్నటి గీతగా చూశాను తప్ప, అక్కడికి ఎప్పుడూ నడవలేదు.

చొక్కా మార్చుకోకుండా ముదీర్ గదికి వెళ్లాను. మేనేజర్ని కూడా రమ్మన్నాను. ఈసారి నీళ్లు నమలకూడదని దారంతా నాకు నేను చెప్పుకుంటూ వెళ్లాను. "గీతలు వంకర లేవు. ఎవరిచేతనైనా టేపు పెట్టి కొలిపించండి. డ్రాయింగులో ఎలా ఉందో అచ్చం అలాగే ఉన్నాయి. తప్పు డ్రాయింగులో ఉంది, డ్రాయింగు నాది" అన్నాను. మేనేజరు కళ్లెర్రజేశాడు. ముదీర్ నా చొక్కా మీది మట్టి పట్టీని చూశాడు, ఏమైందని అడిగాడు. జరిగింది చెప్పాను. ఆయన తన తోబు అంచు వైపు చూసుకున్నాడు. "చూద్దాం, ఆ పెయింటర్ని కూడా రమ్మను" అంటూ లేచాడు.

వెనక స్థలం, కంచె, నీడ, అన్నీ మేస్త్రీయే చూపించాడు, వచ్చీరాని అరబీలో, హిందీలో. ముదీర్ అంతా విని, కంచెకి తలుపు పెట్టిస్తానన్నాడు. క్లాసులుండగా గీతల పని కుదరదు కాబట్టి వారాంతపు సెలవుల్లో, అంటే గురు, శుక్రవారాల్లో చేసుకోమన్నాడు. తర్వాత ఒక శనివారం పొద్దున వచ్చి కళ్లతో చూస్తాను, బళ్లు సరిగ్గా నిలబడితేనే సంతకం అన్నాడు.

బయటికొచ్చాక మేనేజరు నాతో ఒకటే మాట అన్నాడు. "ఇది అయిపోగానే నిన్ను తబూక్ పంపిస్తున్నాను." తబూక్ అంటే దేశానికి ఆ చివర. సరే అన్నాను. "వాడి కాగితం సంతకం పడ్డాకే కదులుతుంది" అన్నాడు. దానికీ సరే అనక తప్పలేదు. అయితే ఆ సంతకం పడేదాకా నేను నిద్రపోను అని గట్టిగా అనుకున్నాను.

రంగు తెప్పించడానికి, కొత్త డ్రాయింగు ఒప్పించడానికి రెండు వారాలు పట్టింది. ప్రతి ఆఫీసుకీ నేనే కాగితాలు పట్టుకుని తిరిగాను, బల్లల ముందు నిలబడ్డాను, పని కానిదే కదల్లేదు. తర్వాత రెండు వారాంతాలు పని. పాత గీతల మీద నలుపు కొట్టడం, ఆరాక కొత్త గీత. దారం రెండో కొస నేనే పట్టుకున్నాను. తెల్లవారుజాము నుంచి పదింటి దాకా, మళ్లీ మధ్యాహ్నం మూడింటి అసర్ నమాజు అయినప్పటి నుంచి చీకటి పడేదాకా. రెండో గురువారం ఇసుక గాలి లేచింది. గీసిన గీతల మీద ఇసుక పడి అంటుకుపోయింది, రంగు చెడిపోయింది. హెల్పర్లు చీపుర్లు కింద పడేసి నా ముఖం చూశారు. "ఊడ్వండి, మళ్లీ గీద్దాం" అన్నాను. శుక్రవారం తెల్లారి గాలి తగ్గాక, చెడిన గీతలన్నీ నలుపు కొట్టి మళ్లీ మొదటి నుంచి గీశాం.

ఆ శుక్రవారం మధ్యలో మేస్త్రీకి ఇంటి నుంచి ఫోనొచ్చింది. దూరంగా వెళ్లి మాట్లాడాడు. మళ్లీ నొప్పట, జ్వరం కూడానట. ఫోను జేబులో పెట్టుకుని వచ్చి, ఆ సంగతి చెప్పి రోలరు అందుకున్నాడు. నా మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు. ఆయన ఒక్కసారి తిట్టినా బాగుండేది. చీకటి పడేలోపు ఆఖరి గీత గీశాం.

శనివారం పొద్దున ముదీర్ మాటిచ్చినట్టే వచ్చి నిలబడ్డాడు. పక్కన నేను, కాస్త వెనగ్గా మేస్త్రీ. మొదటి బండి వచ్చింది. గీతల మధ్యన ఆగింది. తలుపు తెరుచుకుంది, తెల్ల తోబు దేనికీ తగలకుండా దిగింది. రెండోది, మూడోది. ముందు స్థలం నిండాక ఒకడు వెనక్కి తిప్పుకుని వెళ్లాడు. కంచెకి పెట్టిన తలుపులోంచి పుస్తకాలు పట్టుకుని నీడలో నడిచొచ్చాడు. వాణ్ణి చూసి ఇంకో నలుగురు అటు వెళ్లారు. పేవ్‌మెంట్ల మీద రెండు మూడు బళ్లున్నాయి, లేవని అనను. ముదీర్ ఎనిమిదింబావు దాకా చూసి కాగితం అడిగి తీసుకుని, నా వీపు మీదే పెట్టి సంతకం చేశాడు. నాలుగో రోజు మేస్త్రీ దమ్మాంలో విమానం ఎక్కాడు. అనుకున్నదానికన్నా నెల పైగా ఆలస్యమైంది. పై వారం నేను తబూక్‌లో ఉన్నాను.

పది రోజులకి మేస్త్రీ ఫోను. ఆపరేషన్ అయింది, ఇంటికి తెచ్చుకున్నాం అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. "మా ఆమె మాట్లాడుతదట సారు" అని ఆమెకిచ్చాడు. నేను ఆమెతో అంతకుముందెప్పుడూ మాట్లాడలేదు.

"నమస్తె సారు. గీతలు తప్పు గీపిచ్చింది మీరేనట."

"అవునమ్మా. నేనే."

"నెల ముందుగాల అయితె బొడ్డు కాడ చిన్న కోతతోని అయిపోయేదట. చీము వట్టిందని జానెడు కోసిండ్రు. ఇన్ని దినాలు ఎందుకాగినవమ్మా అని డాక్టరు కోపం చేసిండు. నేనేమని చెప్పాలె సారు? సౌదిల గీతలు సక్కగ లెవ్వని చెప్పాలెనా?"

మేనేజరు సెలవు ఆపాడనీ, పాస్‌పోర్టు నా చేతిలో లేదనీ, ఇసుక గాలనీ చెప్పొచ్చు. అన్నీ నిజాలే.

"తప్పు నాదేనమ్మా. మా మేస్త్రీ ముందే చెప్పాడు, నేను వినలేదు. నన్ను క్షమించండి" అన్నాను.

ఫోనులో అవతల ఎవరో పిల్లల్ని కేకలేస్తున్నట్టు వినబడింది.

"మీరు పెద్దసార్ల ముంగట ఒప్పుకున్నరని మా ఆయన చెప్పిండు. గందుకే మిమ్ముల అడిగిన. ఒప్పుకోనోళ్లను అడిగి ఏం ఫాయిద."

ఆ మర్నాడు తబూక్‌లో నా బల్ల మీద కొత్త పని డ్రాయింగు ఉంది, నేను గీసిందే. అది చుట్టి చంకలో పెట్టుకుని, మేస్త్రీలు పని చేస్తున్న చోటికి వెళ్లి, వాళ్ల మధ్యన నేల మీద పరిచి కూర్చున్నాను. "ఇందులో తప్పెక్కడుందో చెప్పండి" అన్నాను. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, అంతా బాగుంది సార్ అన్నారు. చెప్పేదాకా లేవనని నేను అక్కడే కూర్చున్నాను.